వింత లైన్ ఖరీదు ఎన్ని మీటర్లు?

యాకుత్‌పురాలో మా ఇంటి డాబా ఎక్కితే ఆకాశం బాగానే కనిపిస్తుంది. కిందికి దిగి గల్లీలోకి వస్తే మాత్రం రెండు వరసల ఇళ్ల మధ్య సన్నటి పట్టీ అంత ఆకాశమే మిగులుతుంది. అక్కడ ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే నీలి చుక్క కాసేపు మా గల్లీలో, కాసేపు పక్క గల్లీలో తిరుగుతుంటుంది. డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి "అన్నా, లొకేషన్ ఎటో చూపిస్తుంది, రైల్వే స్టేషన్ దగ్గరికి రండి" అనడం మాకు మామూలే.

ఆ చుక్క ఎందుకలా దూకుతుందో చూద్దామని పోయిన సెలవుల్లో ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో తలదూర్చాను. రెండు బ్యాచ్‌ల ముందు మన సీనియర్లు రాసి, అందరికీ అందుబాటులో పెట్టి, ఉద్యోగాలకు వెళ్లిపోయిన ప్రాజెక్టు అది. ఫోన్ పట్టుకున్న ఉపగ్రహ సిగ్నళ్ల కొలతల్ని తీసుకుని, మనం ఎక్కడున్నామో లెక్కగట్టడం దాని పని. చూసుకునేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి "నువ్వే చూసుకో" అని నాకు అప్పజెప్పారు. ఫైల్ తెరవగానే నాకు చిరాకేసింది. ఒకే ఫైల్‌లో అంతా కుక్కేశారు, అర్థంకాని సంఖ్యలు, ఒకే పనికి రెండు మూడు వేరియబుల్స్. "ముందు దీన్ని శుభ్రం చేద్దాం" అనుకున్నాను.

ఆ శుభ్రంలో నేను చేసిన తప్పు, దాని వెనక ఉన్న లెక్క, దాని నుంచి నేర్చుకున్న పద్ధతి ఈ వ్యాసంలో చెప్తాను. సీఎస్‌ఈ వాళ్లైనా, ఈసీఈ వాళ్లైనా, సివిల్ వాళ్లైనా అర్థమయ్యేలా రాయడానికి ప్రయత్నించాను.

ముందు చిన్న లెక్క

జీపీఎస్ ఉపగ్రహం సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. "నేను ఈ సిగ్నల్‌ను ఫలానా క్షణంలో పంపాను" అని చెప్తూ ఉంటుంది. మన ఫోన్ దాన్ని అందుకున్న క్షణం నుంచి ఆ పంపిన క్షణాన్ని తీసేస్తే ప్రయాణ కాలం వస్తుంది. అది దాదాపు 70 మిల్లీసెకన్లు. దాన్ని కాంతి వేగంతో గుణిస్తే దూరం. ఫోన్‌లోని గడియారం చవకరకం కాబట్టి ఈ దూరంలో గడియారం తప్పు కూడా కలిసి ఉంటుంది. అందుకే దీన్ని సూడోరేంజ్ అంటారు, అంటే దూరం లాంటిది అని. తెలియనివి నాలుగు: మూడు దిక్కుల్లో మన స్థానం, నాలుగోది మన గడియారం తప్పు. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన సంఖ్య ఒక్కటే. కాంతి ఒక నానోసెకనులో దాదాపు 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే సమయంలో 100 నానోసెకన్ల పొరపాటు దూరంలో 30 మీటర్లు. ఈ రంగంలో టైమ్, దూరం రెండూ ఒకటే సరుకు. టైమ్‌ను ముట్టుకున్న ప్రతిసారీ మ్యాప్‌ను ముట్టుకున్నట్టే.

ఈ లెక్కలు చేసే పెద్ద ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లు కొన్ని ఉన్నాయి. జపాన్‌కు చెందిన టొమోజి టకాసు రాసిన ఆర్‌టీకేలిబ్ వాటిలో బాగా పేరున్నది. మంచి రిసీవర్, ఒక రిఫరెన్స్ స్టేషన్ ఉంటే సెంటీమీటర్ల దాకా పోతుంది. అది సీ భాషలో ఉంటుంది. చవక రిసీవర్ల కోసం టిమ్ ఎవరెట్ అనే ఇంజనీర్ దాని నుంచి డెమో5 అనే శాఖ తీశాడు. బార్సిలోనా దగ్గరి సీటీటీసీ అనే పరిశోధన సంస్థ నుంచి వచ్చిన జీఎన్‌ఎస్‌ఎస్-ఎస్‌డీఆర్ ఇంకొకటి. ఇది ఏకంగా రేడియో సిగ్నల్ నుంచే మొదలుపెట్టి సాఫ్ట్‌వేర్‌లోనే రిసీవర్‌ను కట్టేస్తుంది. మా సీనియర్ల ప్రాజెక్టు వీటి ముందు చీమంత. కానీ పాఠం పెద్దదానికీ చిన్నదానికీ ఒకటే.

నేను చేసిన శుభ్రం

ఆండ్రాయిడ్ 7 నుంచి ఫోన్లు ఉపగ్రహాల ముడి కొలతల్ని యాప్‌లకు ఇస్తున్నాయి. గూగుల్ వాళ్ల జీఎన్‌ఎస్‌ఎస్ లాగర్ యాప్ వాటిని ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెడుతుంది. అందులో సమయాలు నానోసెకన్లలో, పెద్ద పెద్ద పూర్ణసంఖ్యలుగా ఉంటాయి. మా సీనియర్ల కోడ్ వాటిని చదివి, ప్రతి సమయాన్ని రెండు ముక్కలుగా దాచుకునేది. మొదటిది జీపీఎస్ వారం నంబర్, రెండోది ఆ వారంలో గడిచిన సెకన్లు. జీపీఎస్ వారాల లెక్క 1980 జనవరి 6న మొదలైంది.

నాకిది అనవసరం అనిపించింది. ప్రతి ఫంక్షన్‌కూ రెండేసి ఆర్గ్యుమెంట్లు. వారం మారే చోట ప్రత్యేకంగా ఒక షరతు. "1980 నుంచి గడిచిన మొత్తం సెకన్లు అని ఒక్క ఫ్లోట్ పెట్టుకుంటే అయిపోయే దానికి ఇంత గొడవెందుకు?" అనుకుని ఒక్క ఫంక్షన్ రాశాను. పంపిన సమయం, అందుకున్న సమయం రెండూ దాని గుండానే వెళ్లేలా మార్చాను. అరవై లైన్ల దాకా తగ్గాయి. చూడ్డానికి ముద్దుగా ఉంది. ఎర్రర్ ఒక్కటి కూడా రాలేదు.

సాయంత్రం డాబా మీద ఫోన్ పెట్టి పది నిమిషాలు రికార్డ్ చేసి నడిపించాను. అంతకుముందు చుక్కలన్నీ డాబా చుట్టుపక్కలే, కొన్ని మీటర్లలోనే పడేవి. ఇప్పుడు గల్లీ దాటి అవతలి ఇళ్ల మీద, ఇంకా అవతల చెల్లాచెదురుగా పడ్డాయి. నాకు వెంటనే తట్టింది నీళ్ల ట్యాంకు. సిగ్నల్ గోడలకో ట్యాంకుకో తగిలి వంకర దారిలో వస్తే దూరం ఎక్కువ చూపిస్తుంది, దాన్ని మల్టీపాత్ అంటారని క్లాసులో విన్నాను కదా. రెండు సాయంత్రాలు ఫోన్‌ను డాబా మీద నాలుగు మూలలా పెట్టి చూశాను. అమ్మ ఆరేసిన దుప్పట్లు కూడా తీయించాను. ఏం మారలేదు. విచిత్రం ఏంటంటే అదే ఫోన్‌లో మ్యాప్ చుక్క మాత్రం డాబా మీదే నిక్షేపంగా ఉంది.

అప్పుడు ఆ కోడ్ రాసిన సీనియర్ అన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, మీ కోడ్‌లో ఏదో బగ్ ఉన్నట్టుంది."

"ఏం మార్చినవ్ రా?"

"ఏం లేదన్నా, కొంచెం క్లీన్ చేసిన."

"టైమ్‌ని ముట్టినవా?"

"…కొంచెం."

"పొజిషన్లు చూడకు. సూడోరేంజ్‌లు ప్రింట్ చేసి చూడు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూడు" అని ఫోన్ పెట్టేశాడు.

ప్రింట్ చేశాను. ఉపగ్రహాల దూరాలన్నీ వేరువేరుగానే ఉన్నాయి, ఇరవై వేల కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. కానీ ఏ రెండింటి తేడా తీసుకున్నా అది 71.48 మీటర్లకు గుణిజమే. నిచ్చెన మెట్లలా. ప్రకృతిలో ఏ ఉపగ్రహమూ మెట్ల మీద నిలబడదు. ఆ మెట్లు నేను కట్టినవే.

లెక్క ఇది. కంప్యూటర్ డబుల్ అనే ఫ్లోట్‌లో 53 బిట్ల ఖచ్చితత్వం ఉంటుంది, అంటే సుమారు పదిహేను పదహారు అంకెలు. 1980 నుంచి ఇప్పటికి గడిచిన సెకన్లు 140 కోట్లు దాటాయి. అంటే పది అంకెలు సెకన్లకే ఖర్చయిపోయాయి. దశాంశ బిందువు తర్వాత ఐదారే మిగిలాయి. నానోసెకను కావాలంటే తొమ్మిది కావాలి. ఆ పరిమాణంలో రెండు పక్కపక్క డబుల్ సంఖ్యల మధ్య ఖాళీ 2 ఘాతం మైనస్ 22 సెకన్లు, అంటే 238 నానోసెకన్లు. దాన్ని కాంతి వేగంతో గుణిస్తే 71.48 మీటర్లు. ప్రతి ఉపగ్రహం సిగ్నల్ పంపిన సమయం నా ఫంక్షన్‌లోకి వెళ్లి దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి జరిగిపోయింది. ఒక్కో దూరంలో 35 మీటర్ల దాకా తప్పు, అదీ ఒక్కో ఉపగ్రహానికి ఒక్కోలా. అందరికీ ఒకే తప్పు అయితే గడియారం తప్పులో కలిసిపోయేది. విడివిడిగా ఉండబట్టి స్థానం చెదిరింది.

సీనియర్ల రెండు ముక్కల పద్ధతిలో వారం నంబర్ పూర్ణసంఖ్యగా వేరే ఉంటుంది. వారంలో సెకన్లు 6,04,800 దాటవు. ఆరు అంకెలు పోయినా ఇంకా తొమ్మిది పది మిగులుతాయి. అక్కడ మెట్టు మూడున్నర సెంటీమీటర్లే. ఆర్‌టీకేలిబ్ తెరిచి చూస్తే టకాసు గారు కూడా సమయాన్ని రెండు ముక్కలుగానే పెట్టారు. పూర్ణ సెకన్లు ఒక దాంట్లో, సెకనులో భాగం ఇంకో దాంట్లో. ఆయన మెట్టు ఇంకా చాలా చిన్నది. నేను "అనవసరం" అనుకున్నది ఈ రంగంలో అందరూ పాటించే జాగ్రత్త.

తప్పు నాదే. కానీ ఒక మాట అన్నకు కూడా చెప్పాను. "అన్నా, ఎందుకు రెండు ముక్కలో ఒక్క లైన్ కామెంట్ రాసి ఉంటే నేను ముట్టకపోయేవాణ్ని." "అప్పుడు అందరికీ తెలుసు కదా అనుకున్నం రా" అన్నాడు. ఆ అందరూ ఇప్పుడు కాలేజీలో లేరు. మెయింటెనెన్స్ అనే పని ఎందుకు కావాలో ఆ ఒక్క మాట చాలు.

ఇంకొన్ని వింత లైన్లు

ఈ దెబ్బ తిన్నాక కోడ్‌లో "ఇదేంటి?" అనిపించిన ప్రతి లైన్‌కూ మీటర్లలో ఖరీదు కట్టడం మొదలుపెట్టాను. మీకూ ఉపయోగపడతాయని కొన్ని చెప్తాను.

దూరం లెక్కలో ఒక చోట భూమి తిరిగే వేగం ఉంటుంది. దూరానికీ భూభ్రమణానికీ ఏం సంబంధం అనిపిస్తుంది. సిగ్నల్ దారిలో ఉన్న ఆ 70 మిల్లీసెకన్లలో భూమి ఆగదు. మన అక్షాంశం దగ్గర నేల సెకనుకు సుమారు 440 మీటర్ల వేగంతో తూర్పుకు పోతుంది. ఆ లైన్ తీసేస్తే స్థానం 30 మీటర్ల దాకా పక్కకు జరుగుతుంది.

ఉపగ్రహ గడియారం సవరణలో కక్ష్య ఎంత కోలగా ఉందో చెప్పే సంఖ్య, ఒక సైన్ విలువ కలిసిన చిన్న పదం ఉంటుంది. అది ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతం ప్రభావం. కక్ష్య పూర్తి వృత్తం కాదు కాబట్టి ఉపగ్రహం ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా ఉంటుంది. గడియారం నడక దానితో పాటే మారుతుంది. కోలతనం 0.02 ఉన్న కక్ష్యకు ఇది 45 నానోసెకన్ల దాకా, అంటే దాదాపు 14 మీటర్లు.

లీప్ సెకన్ల పట్టిక ఇంకొకటి. జీపీఎస్ టైమ్‌కు లీప్ సెకన్లు ఉండవు, మన గడియారాలు నడిచే యూటీసీకి ఉంటాయి. 2017 జనవరి 1 నుంచి ఆ తేడా 18 సెకన్లు. రెండింటినీ కలగలిపేస్తే ఏమవుతుంది? జీపీఎస్ ఉపగ్రహం సెకనుకు దాదాపు 3.9 కిలోమీటర్లు పోతుంది. 18 సెకన్లలో 70 కిలోమీటర్లు. ఇంత పెద్ద తప్పైతే నయమే, వెంటనే దొరికిపోతుంది. 14 మీటర్ల తప్పే ప్రమాదం. గల్లీలో అయితే "ఇక్కడ సిగ్నల్ అంతే" అని సర్దుకుంటాం.

ఇక ఫైల్ చదివే చోట. ఉపగ్రహాల కొలతలు, కక్ష్యల వివరాలు రాసుకోవడానికి రైనెక్స్ అనే టెక్స్ట్ ఫార్మాట్ ఉంది. 1989లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ గుర్ట్‌నర్ మొదలుపెట్టారు. ఫోర్‌ట్రాన్ రోజుల అలవాట్లు అందులో ఇంకా ఉన్నాయి. ప్రతి సంఖ్యకూ ఇన్ని అక్షరాల గడి అని లెక్క. మైనస్ సంఖ్య వస్తే ముందున్న సంఖ్యకు అతుక్కుపోతుంది, మధ్యలో ఖాళీ ఉండదు. గడులు లెక్కపెట్టి కోసే పాత కోడ్ మోటుగా కనిపిస్తుంది. దాన్ని తీసేసి "ఖాళీ దగ్గర విడదీయి" అని పెడితే ఒక ఫైల్‌కు పనిచేస్తుంది, ఇంకో ఫైల్‌కు రెండు సంఖ్యలు కలిసి ఒకటవుతాయి. అలాగే ఘాతం గుర్తుకు 'ఈ' అక్షరం బదులు చాలా ఫైళ్లలో 'డీ' ఉంటుంది. పైథాన్ అయితే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. సీ భాషలో మామూలు ఫంక్షన్ వాడితే 'డీ' దగ్గర చదవడం ఆపేసి, అప్పటిదాకా చదివిన సంఖ్యనే ఇచ్చేస్తుంది. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. ఆర్‌టీకేలిబ్‌లో 'డీ'ని 'ఈ'గా మార్చే చిన్న ముక్క అందుకే ఉంది.

ఊహకు కూడా గడువు ఉంటుంది

వింత లైన్లన్నీ మంచివే అని చెప్పట్లేదు. 2021లో జరిగింది చూడండి.

జీపీఎస్‌డీ అని ఒక ఓపెన్ సోర్స్ సర్వీసు ఉంది. లినక్స్ యంత్రాల్లో రిసీవర్‌కూ మిగతా ప్రోగ్రాములకూ మధ్య కూర్చుని స్థానం, సమయం అందిస్తుంది. నెట్‌వర్క్‌లకు సరైన టైమ్ ఇచ్చే సర్వర్లు కూడా కొన్ని దాని మీద నడుస్తాయి. పాత జీపీఎస్ సందేశంలో వారం నంబర్‌కు 10 బిట్లే ఉంటాయి. 1,024 వారాలు అయ్యాక మళ్లీ సున్నా. అంటే దాదాపు 19 ఏళ్ల 7 నెలలకు ఒకసారి. ఇది 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఒకసారి జరిగింది, మళ్లీ 2038 నవంబర్‌లో వస్తుంది. అందుకని రిసీవర్ చెప్పిన వారం సరైనదేనా అని చూసే తనిఖీ ఒకటి జీపీఎస్‌డీలో పెట్టారు. లీప్ సెకన్లు ఇంకా 18 దగ్గరే ఉండి, వారం నంబర్ మాత్రం 2180 దాటితే అది తప్పు వారం, 1,024 తీసేయి అని. వెనక ఉన్న ఊహ ఏంటంటే అప్పటికి ఇంకో లీప్ సెకన్ వచ్చేసి ఉంటుంది అని.

2017 తర్వాత లీప్ సెకన్ రాలేదు. 2181వ వారం 2021 అక్టోబర్ 24న మొదలైంది. ఆ కోడ్ ఉన్న 3.20 నుంచి 3.22 దాకా వెర్షన్లలో ఆ రోజు తేదీ 2002 మార్చి 10కి వెళ్లిపోతుంది. అదృష్టం కొద్దీ గడువుకు ముందే తప్పు బయటపడింది, ఆగస్టులో వచ్చిన 3.23లో సరిచేశారు. అక్టోబర్‌లో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా కూడా అందరినీ వెర్షన్ మార్చుకోమని హెచ్చరించింది.

ఆ తనిఖీ రాసినవాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. నిజమైన సమస్యకు నిజమైన కాపలా పెట్టారు. కానీ భూమి ఎంత వేగంగా తిరుగుతుందో ముందే ఊహించి, ఆ ఊహను ఒక సంఖ్యగా కోడ్‌లో పెట్టారు. పాల ప్యాకెట్ మీద తేదీ ఉన్నట్టు ఊహకు కూడా గడువు ఉంటుంది. మెయింటెయినర్ పనిలో సగం ఈ గడువులు వెతకడమే.

నావిక్ వచ్చి చేరితే

శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న మన మొదటి నావిగేషన్ ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏ వెళ్లింది. 2016 ఏప్రిల్ 28న ఏడోది వెళ్లాక ఈ వ్యవస్థకు నావిక్ అని పేరు పెట్టారు. మా గల్లీలాంటి చోటుకు నావిక్‌లో ఒక సొగసు ఉంది. దాని స్థానాల్లో ఒకటి 83 డిగ్రీల తూర్పు రేఖాంశం పైన ఉంది. అక్కడి ఉపగ్రహం హైదరాబాద్ నుంచి చూస్తే దాదాపు 69 డిగ్రీల ఎత్తులో, కదలకుండా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇళ్ల మధ్య సన్నటి ఆకాశం పట్టీలోంచి కూడా అంత ఎత్తున్నది కనిపించే అవకాశం ఎక్కువ.

కష్టాలూ ఉన్నాయి. 1ఏలోని రుబీడియం అణు గడియారాలు మూడూ ఆగిపోయాయి. దాని బదులు పంపిన 1హెచ్ 2017 ఆగస్టు 31న ఉష్ణ కవచం విడిపోక విఫలమైంది. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలో తయారైన రుబీడియం గడియారం పెట్టారు, ఫోన్లకు అనువైన ఎల్1 బ్యాండ్ కూడా చేర్చారు.

ఇలా ఆకాశంలో మార్పు వచ్చినప్పుడల్లా కింద కోడ్ మారాలి. రైనెక్స్‌లో జీపీఎస్‌కు 'జీ', గెలీలియోకు 'ఈ', నావిక్‌కు 'ఐ' అక్షరం. "అన్నీ జీపీఎస్సే" అనుకుని రాసిన కోడ్ నావిక్ లైన్లను మౌనంగా వదిలేస్తుంది. మాది అదే చేసేది. వారాల లెక్కలో కూడా చిక్కుంది. నావిక్ కాలం 1999 ఆగస్టు 22న, సరిగ్గా జీపీఎస్ వారం మొదటిసారి సున్నా అయిన చోట మొదలైంది. అందుకని ఒక దాన్నుంచి ఇంకో దానికి మారేటప్పుడు 1,024 కలపాలి. నావిక్ వారం కూడా 10 బిట్లే కాబట్టి 2019 ఏప్రిల్ తర్వాత 2,048. కోడ్‌లో పేరూ ఊరూ లేకుండా 1,024 అని కనిపిస్తే, అది ఏ 1,024? బిట్లు తిరిగొచ్చిందా, రెండు వ్యవస్థల మధ్య తేడానా? విలువ ఒకటే, అర్థాలు రెండు. వాటికి రెండు వేరు పేర్లు పెట్టడమే అసలైన శుభ్రం. ఒకే సంఖ్య కదా అని ఒకే పేరు కింద కలిపేస్తే నేను టైమ్‌ను కలిపినట్టే.

ఇదంతా మా డాబా వరకే అనుకోకండి. మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ 2019 అక్టోబర్‌లో జెమిని అనే పరికరాన్ని తెచ్చింది. ఫోన్ సిగ్నల్ అందని సముద్రంలో గగన్ ఉపగ్రహాల ద్వారా మత్స్యకారులకు తుఫాను హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం అందిస్తుంది. అలాంటి చోట స్థానం, తేదీ తప్పితే "స్టేషన్ దగ్గరికి రండి" అని సరిపెట్టుకునే వీలు లేదు.

శుభ్రం చేసే పద్ధతి

నేను ఇప్పుడు పాటిస్తున్న వరస ఇది.

ఒకటి. ముట్టుకోకముందు నడిపించి ఫలితాన్ని దాచాలి. జవాబు ముందే తెలిసిన డేటా కావాలి. అదృష్టం ఏంటంటే అది మన ఊళ్లోనే ఉంది. ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్‌ఐలో అంతర్జాతీయ ఐజీఎస్ నెట్‌వర్క్‌కు చెందిన స్టేషన్ ఉంది, దాని పేరు హైడ్. మా ఇంటి నుంచి గీత గీస్తే పది కిలోమీటర్లు కూడా ఉండదు. దాని స్థానం చాలా ఖచ్చితంగా తెలుసు, దాని పాత కొలతల ఫైళ్లు ఎవరైనా దించుకోవచ్చు. ఆ ఫైల్ ఇస్తే మన కోడ్ ఎన్‌జీఆర్‌ఐ దగ్గరే చుక్క పెట్టాలి. పెట్టకపోతే ట్యాంకునూ దుప్పట్లనూ అనుమానించే పని లేదు. దీనితో పాటు ఫోన్ లాగ్ ఒకటి కూడా పెట్టుకోవాలి. నా టైమ్ తప్పు ఫోన్ లాగ్ చదివే దారిలోనే ఉంది, హైడ్ ఫైల్‌తో దొరికేది కాదు.

రెండు. ఒక కమిట్‌లో ఒక్క పని. ఇండెంట్ సరిచేయడం, పేర్లు మార్చడం ఒక కమిట్. లెక్క మారితే అది ఇంకో కమిట్. నేను అన్నీ కలిపి ఒకే కమిట్‌లో పెట్టాను కాబట్టి ఏ మార్పు దగ్గర చెడిందో వెతకడానికి గిట్ నాకు సాయం చేయలేకపోయింది.

మూడు. వింత లైన్ కనిపిస్తే గిట్ బ్లేమ్ చూడాలి. పేరు బ్లేమ్ అయినా అది నింద వేయడానికి కాదు, కారణం అడగడానికి. ఎవరు, ఎప్పుడు, ఏ సందేశంతో పెట్టారో తెలుస్తుంది. మనిషి అందుబాటులో ఉంటే ఫోన్ చేయండి. రెండు సాయంత్రాలు మిగులుతాయి.

నాలుగు. కారణం తెలిశాక కామెంట్‌లో రాయాలి. "సమయాన్ని రెండుగా విడదీశాం" అని రాస్తే లాభం లేదు, అది కోడ్ చూస్తేనే తెలుస్తుంది. "కలిపితే 71 మీటర్ల మెట్లు వస్తాయి" అని రాయాలి. ఊహ ఉంటే ఏ తేదీ దాకా పనిచేస్తుందో కూడా రాయాలి.

ఐదు. నిజంగా చచ్చిన కోడ్ అయితే మొహమాటం లేకుండా తీసేయాలి. ఎవరూ పిలవని ఫంక్షన్లు, కామెంట్‌లో పెట్టి వదిలేసిన పాత ప్రయోగాలు అక్కర్లేదు. గిట్‌లో అన్నీ భద్రంగా ఉంటాయి.

ఆరు. ఫైల్ పైన ఉన్న లైసెన్స్, రాసినవాళ్ల పేర్లు చెత్త కాదు. ఆర్‌టీకేలిబ్‌ది బీఎస్‌డీ రకం, జీఎన్‌ఎస్‌ఎస్-ఎస్‌డీఆర్‌ది జీపీఎల్. ఒక దాంట్లోంచి ముక్క తెచ్చి ఇంకో దాంట్లో పెట్టేముందు వాటి షరతులు చదవాలి. ఫ్రీగా దొరికిన కోడ్‌కు మనం కట్టే ధర ఆ నాలుగు లైన్లు ఉంచడమే.

చివరికి నా మార్పుల్లో మిగిలింది ఇది. వాడని ఫంక్షన్లు తీసేశాను. ఆ రెండు 1,024లకు వేరువేరు పేర్లు వచ్చాయి. నావిక్ లైన్లు వదిలేయకుండా చదువుతోంది. హైడ్ ఫైల్‌తో ఒక టెస్ట్, డాబా లాగ్‌తో ఇంకొకటి చేరాయి. సమయం మళ్లీ రెండు ముక్కలైంది, దాని పైన మూడు లైన్ల తెలుగు కామెంట్ ఉంది. సీనియర్ అన్న చూసి "ఈ కామెంట్ నేను రాయాల్సింది రా" అని ఒక్క మాట మెసేజ్ పెట్టాడు.

గల్లీలో చుక్క ఇంకా దూకుతూనే ఉంది. అది నిజంగానే గోడల పని, దాని సంగతి ఈ సెమిస్టర్‌లో చూడాలి. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే ఈ రోజు సాయంత్రమే డాబా ఎక్కి, లాగర్ యాప్‌తో పది నిమిషాలు రికార్డ్ చేసి తీసుకురండి. మలక్‌పేట నుంచో, మియాపూర్ నుంచో, మీ ఊరి పొలం గట్టు మీది నుంచో ఒక్కో ఫైల్ వచ్చినా మా టెస్టులు గట్టిపడతాయి. కోడ్ రాయడం రాకపోయినా పర్లేదు. ఒక లైన్ చూసి "ఇదెందుకు?" అని అడగండి. జవాబు మాకు తెలియకపోతే ఆ లైన్‌కు ఖరీదు కట్టే పని కలిసి చేద్దాం.